భాషకు ఛాయాచిత్రము తీయుట ఎట్లు?

ఛాయాచిత్రముల పోటీ జరుపువారు విషయమును సాధారణముగా ఒక్క మాటలో ఇత్తురు. నీరు, శ్రమ, స్నేహము, మాతృభాష: ఇట్టి మాట ఏదో యొకటి ప్రకటనలో నుండును. ఆ మాట చదువగనే మన విద్యార్థి తండ్రిగారి సెల్‌ఫోను పట్టుకొని వీధిలోనికి పరుగిడును. నూరు ఫోటోలు తీసి, సాయంకాలమున వానిలో నొకటి ఏరి పంపును. అది చూచుటకు అందముగనే యుండవచ్చును. కాని విషయమునకును చిత్రమునకును గల సంబంధమేమని న్యాయనిర్ణేత అడిగినచో ఆ చిత్రము బదులు చెప్పజాలదు. విషయ మిచ్చి తీయుమన్న చిత్రమునకు పెండ్లివంటకు వలె ముందుగనే సంబారములు సమకూర్చుకొనవలయును. ఆ సమకూర్పు ఎట్లు జరుగునో ఒక్క ఉదాహరణము పట్టుకొని ఈ పాఠమున చూతము.

మేము ఎన్నుకొనిన విషయము 'మాతృభాష'. ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థయగు యునెస్కో ఫిబ్రవరి 21వ తేదీని అంతర్జాతీయ మాతృభాషా దినముగా 1999లో ప్రకటించినది. 2000 నుండి ఆ దినము జరుపబడుచున్నది. ఆ సందర్భమున పాఠశాలలలో వ్యాసరచన, చిత్రలేఖనము, ఛాయాచిత్రములు మొదలగు పోటీలు పెట్టుట కలదు. ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణములు రెండు. భాష కంటికి కనబడదు గనుక ఇంతకంటె కష్టమైన విషయము లేదు. దీనిని సాధించినవానికి తక్కినవి సులభములగును. రెండవ కారణము మన బ్రదుకునకు సంబంధించినది. హోసూరు, వేపనపల్లి ప్రాంతముల పిల్లవాడు ఇంట తెలుగు, అంగడిలో తమిళము, కొన్ని వీధులలో కన్నడము వినుచు పెరుగును. వాని చిత్రమును చూచి తీర్పు చెప్పువారిలో తెలుగు చదువనేర్చినవారు ఒక్కరైనను ఉండకపోవచ్చును.

ఈ విషయమునకు పదిమందిని చిత్రము తలపోయుమన్నచో ఎనమండుగురు ఒకే చిత్రమును తలపోయుదురు: పలకమీద 'అ, ఆ' వ్రాసి పట్టుకొనిన పసిపాప. ఆ చిత్రము తప్పని మేము చెప్పము. అయితే రెండు చిక్కులున్నవి. మొదటిది, అటువంటివి న్యాయనిర్ణేతల బల్లమీద కుప్పగా పడియుండును. రెండవది ఇంకను పెద్దది. పలకమీద నున్నది లిపి. మన యిండ్లలో అనేకులగు అవ్వలకు అక్షరము రాదు. అయినను ఇంటిల్లపాదిలో చక్కని తెలుగు వారి నోటనే యున్నది. పలకను మాత్రమే చూపిన చిత్రము ఆ అవ్వను భాషకు వెలుపల నిలబెట్టుచున్నది.

మరి భాషను ఎచట వెదకవలయును? మేము తరగతిలో చెప్పు ఉపాయ మిది. ఇచ్చిన మాట నామవాచకము. దానిని క్రియగా మార్చుడు. భాషతో మనుష్యులు ఏమి చేయుదురు? పిలుచుదురు, బుజ్జగింతురు, తిట్టుదురు, లెక్కపెట్టుదురు, బేరమాడుదురు, దిష్టి తీయుదురు, కథ చెప్పుదురు, రహస్యము చెవిలో ఊదుదురు. క్రియ దొరకినదా, దానిని చేయు మనిషియు, చేయు చోటును, చేయు వేళయు వెంటనే దొరకును. ఒక కాగితము తీసికొని రెండు దినములపాటు మీ యింట ఎప్పుడెప్పుడు తెలుగు తప్ప మరియొక భాష రాదో వ్రాసికొనుడు. మీ కాగితములోనికి ఏమి వచ్చునో మేము చెప్పలేము. ఇంటింటికి అది వేరు.

మా ఉదాహరణమునకు మేము తీసికొనునది చింతపండు పని. మాఘ ఫాల్గుణములలో మన ఊళ్లలో చింతచెట్లు దులుపుదురు. పెంకు తీసి, ఈనెలు లాగి, రాతిమీద కొట్టి గింజలు వేరుచేయు పని ఇండ్లలోనే జరుగును. ఆ పని చేతులకే గాని నోటికి కాదు. అందుచే నోరు ఊరకుండదు. అవ్వ పొడుపుకథ వేయును. పక్కన కూర్చున్న పిల్లలు విప్పుటకు తన్నుకలాడుదురు. ఫిబ్రవరి పోటీకి సరిగా ఆ కాలమునకే ఈ దృశ్యము సిద్ధముగా నుండును.

దీనిని ఎన్నుకొనుటకు మరియొక కారణమున్నది. ఒకనాడు తరగతిలో పొడుపుకథ యొకటి చెప్పుడని అడుగగా చేతులెత్తినవారు కొద్దిమందియే. తక్కినవారిని అడిగితిమి. "అవ్వకు వచ్చును సార్, నాకు రాదు" అనునదే అందరి బదులు. అవ్వకు వచ్చినది మనుమరాలికి రాకపోవుటకు చట్టములు, పాఠ్యపుస్తకములు కొంతవరకు కారణములు కావచ్చును. కాని పక్కన కూర్చుండి వినకపోవుట పెద్ద కారణము. కావున మన చిత్రమునకు అవ్వ ఒక్కతియే చాలదు. వినుచున్న పిల్లయు ఉండవలయును. ఇంకను సూక్ష్మముగా చెప్పినచో, చిత్రము ఆ పిల్ల ముఖమునందే యున్నది. అవ్వ అడిగినది, పిల్లకు ఇంకను తట్టలేదు: ఆ నడిమి క్షణమే మనకు కావలసినది. తెలుగు రాని న్యాయనిర్ణేతకు ఆ పిల్ల కనుబొమలు అర్థము కాకపోవు.

ఇచటికి ఊహ పూర్తియైనది. ఇక కాగితముమీద బొమ్మ గీయవలయును. ఇది పిల్లల ఆట యని తలంపకుడు. ఇంగ్లండు దేశమున హెన్రీ పీచ్ రాబిన్సన్ అను ఛాయాచిత్రకారుడుండెను. ఆయన ముందుగా చిత్రలేఖనము నేర్చినవాడు. ఛాయాచిత్రమునకును చిత్తుబొమ్మ గీసికొని దానికి తగినట్లు మనుష్యులను కూర్చుండబెట్టెడివాడు. 1858లో ఆయన క్షీణించి మరణమునకు దగ్గరైన యొక బాలికను, ఆమె చెంత నున్న ఇద్దరు స్త్రీలను, కిటికీవైపు తిరిగి నిలిచిన యొక పురుషుని ఒక్క చిత్రమున చూపెను. అది అయిదు నెగటివులను కలిపి ముద్రించిన చిత్రము. ఇంతటి దుఃఖమును చిత్రించుట తగదని కొందరు నొచ్చుకొనిరి. నిజమునకు ఆ బాలిక ఆరోగ్యముగనే యుండెను. ఆ పురుషుని ముఖము మనకు కనబడదు. వీపు మాత్రమే కనబడును. ఏడ్చుచున్న ముఖము చూపినదానికంటె ఆ వీపు ఎక్కువ చెప్పుచున్నదని మా అభిప్రాయము. ఏది చూపవలయునో నిర్ణయించుట సగము పని; ఏది దాచవలయునో నిర్ణయించుట తక్కిన సగము.

మన చిత్తుబొమ్మలో అవ్వను ఒక ప్రక్కన, సగము వీపు కనబడునట్లు గీయుడు. ఆమె చేతులు, రాయి, చింతపండు కుప్ప ముందరి భాగమున నుండును. పిల్ల ఎదుట కూర్చుండి, ముఖము మనవైపు, చూపు అవ్వవైపు నుంచును. పిల్ల చేతిలో సగము ఒలిచిన చింతకాయ యున్నచో మేలు. ఆలోచనలో పడి చేయి ఆగిపోయినదని చూచువారికి తెలియును. వెనుక గోడ ఖాళీగా నుండవలయును. కాలెండరు, ప్లాస్టిక్ బిందె, టెలివిజన్ తీగలు, ఆరవేసిన చొక్కా వీనిని తీసివేయుడు. పిల్లకు పండుగ బట్టలు కట్టవలదు. తల్లులకు ఇది కష్టముగా తోచునని ఎరుగుదుము. ఫోటో యనగానే జడలో పూలు ముడుచుట మన అలవాటు. కాని చింతపండు కొట్టునప్పుడు పట్టుపావడా యెవరు కట్టుదురు?

వెలుగు సంగతి ఒకింత విరివిగా చెప్పవలయును, ఎక్కువమంది చెడిపోవునది ఇచటనే. నడిమింటి చీకటిలో తీసినచో ఫోను తనంతట తానే ఎక్కువసేపు వెలుగును పట్టుకొనును. ఆ లోపల చేయి కదలును, చిత్రము అలుకుకొనిపోవును. నడియెండలో తీసినచో కన్నుల క్రింద నల్లని నీడలు పడును. ఈ రెంటికి నడుమనున్న చోటు వసారా. నేరుగా ఎండ పడని నీడలో, తెరపియైన వైపునకు దగ్గరగా కూర్చుండబెట్టినచో మెత్తని వెలుగు ప్రక్కనుండి వచ్చును. ముఖముయొక్క ఒక భాగము తేటగాను, రెండవది కొంచెము నీడగాను ఉండును. అవ్వ ముడుతలు, చింతపండు గరుకుదనము అట్టి వెలుగునందే పైకి వచ్చును. ముందునాడే ఆ వసారాకు పోయి ఉదయము ఎనిమిది గంటలకు, సాయంకాలము నాలుగు గంటలకు వెలుగు ఎటు పడుచున్నదో చూచి కాగితముపై బాణము గుర్తు వేసికొనుడు. ఫ్లాష్ వేయకుడు.

కెమెరా విషయమున చెప్పవలసినది కొద్దియే. మంచి కెమెరా లేదని వెనుదీయనక్కరలేదు. కటకమును మెత్తని గుడ్డతో తుడువుడు. వంటింటి చేతుల జిడ్డు దానిమీద నుండక మానదు. ఫోను కటకము వెడల్పుగా చూచునది గనుక మరీ దగ్గరకు పోయినచో ముక్కు పెద్దదగును, చెవులు చిన్నవగును. రెండడుగులు వెనుకకు జరుగుడు. నిలుచుండి క్రిందికి చూచుచు తీయక, నేలమీద కూర్చుండి పిల్ల కన్నుల ఎత్తునకు కెమెరాను దించుడు. తెరమీద పిల్ల ముఖమును వేలితో తాకినచో స్పష్టత అచట నిలుచును.

ఇక తీయు వేళ. అవ్వను "ఇటు చూడు, నవ్వు" అనకుడు. పని చేసికొననిండు, నిజముగనే పొడుపుకథ వేయుమనుడు. పిల్లకు బదులు తెలిసిన పొడుపుకథయైనచో ఆలోచించినట్లు నటించును, ఆ నటన చిత్రమున పట్టుబడును. కనుక తెలియనిదే వేయింపుడు. మొదట దూరమునుండి కొన్ని, పిమ్మట క్రమముగా దగ్గరనుండి కొన్ని తీయుడు. అమెరికాలో డొరొతియా లాంగ్ అను ఆమె 1936లో కాలిఫోర్నియాయందు కూలికై వచ్చిన యొక తల్లిని తీసిన చిత్రము లోకప్రసిద్ధము. అది ఒక్క మీటతో వచ్చినది కాదు. ముందు గుడారమంతయు కనబడునట్లు తీసి, కొంచెము కొంచెముగా దగ్గరకు వచ్చి, కడకు తల్లి ముఖమును, ముఖములు దాచుకొనిన పిల్లలను మాత్రమే నిలిపినది.

ఆ చిత్రపు కథలో మనము మరువరాని భాగమొకటి యున్నది. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. లోకము ఆమె పేరు ఎరిగినది 1978లో. అంతటి ప్రసిద్ధ చిత్రమువలన తనకు చిల్లికాసు రాలేదనియు, తన్ను తీయకుండినచో బాగుండెడిదనియు ఆమె వాపోయెను. కావున మన అవ్వ అయినను, పొరుగింటి అవ్వ అయినను, ఈ చిత్రము ఎచటికి పోవునో, ఎవరు చూతురో ముందుగా చెప్పి సమ్మతి పొందవలయును. ఆమె వలదన్నచో అంతటితో సరి. పిల్లల చిత్రమునకు వారి తల్లిదండ్రుల అంగీకారము కావలయును.

ఇట్లు ముందుగా ఏర్పాటు చేసి తీయుట మోసము కాదా యని పెద్ద తరగతుల విద్యార్థులు అడుగుదురు. మంచి ప్రశ్న. వార్తాచిత్రమునకైనచో కాలెండరును తొలగించుటయు తప్పే. విషయమిచ్చి, కల్పనకు చోటిచ్చిన పోటీలో అమర్చుట తప్పు కాదు. కాని అమర్చినదానిని అనుకోకుండ దొరకినదని చెప్పుట తప్పు. యంత్రమేధతో పుట్టించిన బొమ్మలు వచ్చిన తరువాత ఈ మాట మరింత ముఖ్యమైనది. 2023లో జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పురస్కారములలో సృజనాత్మక విభాగమున గెలిచియు, తన బొమ్మ యంత్రమేధ సాయమున చేసినదనియు, అది ఛాయాచిత్రము కాదనియు చెప్పి బహుమానమును నిరాకరించెను. కావున నియమావళిని చిత్రము తీయుటకు ముందే చదువుడు. కత్తిరించుట, వెలుగు హెచ్చించుట ఎంతవరకు అనుమతింతురో అందులో నుండును. పంపునప్పుడు మొదటి ఫైలునే పంపుడు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో అది కుంచించుకొనిపోయి స్పష్టత తగ్గును. డాక్యుమెంటుగా పంపినచో చెడదు.

మిగిలినది క్రింద వ్రాయు వాక్యము. 'మాతృభాష గొప్పది' అని వ్రాసినచో ఇంత శ్రమయు వృథా. చిత్రములో కనబడనిదానిని మాత్రమే చెప్పుడు: "అవ్వ పొడుపుకథ వేసినది, మనుమరాలికి ఇంకను తట్టలేదు." దీనిని తెలుగులో వ్రాసి, క్రిందనే తమిళములోను వ్రాయుడు. తమిళ అనువాదమునకు మన పాఠశాల తమిళ ఉపాధ్యాయుల సాయము కోరుడు. వాక్యములో చింతగింజలు అను మాట వచ్చినచో అట్లే యుంచుడు. మేము శిక్షణ పొందిన ఆంధ్ర తీరపు ఊరిలో దానిని చింతపిక్కలు అందురు; అదియు మంచి మాటయే గాని, మీ అవ్వ మాట అది కాదు.

ఆ పొడుపుకథను, దాని విడుపును కూడ వేరొక కాగితమున వ్రాసి మాకు తెచ్చి యిండు. చిత్రమునకు బహుమతి వచ్చినను, రాకున్నను వానిని పత్రికలో అచ్చువేయుదుము. చిత్రము ప్రతి యొకటి అచ్చువేయించి, పోటీకి పంపుటకు ముందే అవ్వకు ఇండు.