రగ్బీ ఆటకాడు బిల్లీ బోస్టన్

మన బాలురు చెడుగుడు నెరుగుదురు, కాలిబంతి నెరుగుదురు. రగ్బీ యను నాటలో నీ రెంటి పోలికలును గలవు. కోడిగ్రుడ్డువలె కోలగానున్న బంతిని చేతబట్టి, తన్ను పట్టి పడద్రోయ వచ్చువారిని తప్పించుకొని, ఎదిరిపక్షపు గీత దాటి దానిని నేలకు తాకింపవలెను. దీనికి ‘ట్రై’ యని పేరు.

పని మాని వచ్చి యాడు శ్రామికులకు ఆనాటి కూలి నీయవలెనను వివాదముచే 1895లో ఉత్తర ఇంగ్లండు జట్లు వేరుపడెను. వారి శాఖయే రగ్బీ లీగ్. తక్కిన శాఖయగు రగ్బీ యూనియన్ 1995 వరకు ధనము పుచ్చుకొని యాడుటను నిషేధించెను. లీగ్‌లో చేరినవానికి యూనియన్ తలుపు మూసినట్లే.

బోస్టన్ 1934 ఆగస్టు 6వ తేదీన వేల్సు దేశమందలి కార్డిఫ్ పట్టణపు రేవుపేటలో జన్మించెను. తండ్రి ఆఫ్రికాఖండములోని సియెర్రా లియోన్ వాడు. తల్లి ఐరిష్ వంశజురాలు. తన యూరి జట్టున ఆడవలెనని యాతని కోరిక. కార్డిఫ్ సంఘమువారు పిలువలేదు. 1953లో లాంకషైరులోని విగన్ సంఘమువారు 3,000 పౌనులిచ్చి చేర్చుకొనిరి. మరుసటి యేడే యా పందొమ్మిదేండ్ల యువకుడు బ్రిటిషు జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజీలండులకు పోయి, ఆ యాత్రలో 36 ట్రైలు చేసెను.

1957లో ఆస్ట్రేలియాలో ప్రపంచపు పోటీలు ముగిసిన పిమ్మట ఆ జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శనక్రీడలకు పోయెను. అచటి వర్ణభేదమువలన బోస్టన్ మాత్రము వెంట పోజాలకుండెను. అంతవరకు గెలుపోటములు పంచుకొన్న తోడివారు మైదానమునకును, ఆయన యింటికిని పోయిరి. ఇట్టి గీతలు మన యూళ్లలో ఎన్నడును లేవని చెప్పగలమా?

విగన్ పక్షమున 1968 వరకు 488 ఆటలాడి ఆయన 478 ట్రైలు చేసెను. పిదప బ్లాక్‌పూల్ బరో జట్టున ఆడి 1970లో ఆట చాలించెను. మొత్తము ట్రైలు 571. ఆ దినములలో ఆటవలన వచ్చు సొమ్ము బ్రతుకంతటికిని చాలునది కాదు. కావున విగన్‌లోనే, తానాడిన మైదానమునకు చేరువను, గ్రిఫిన్ అను పానశాలను నడుపుచు కుటుంబమును పోషించుకొనెను. పరాయివాడుగా వచ్చిన యూరే ఆయనకు సొంత యూరయ్యెను.

2016లో ఆ పట్టణమువారు ఆయన విగ్రహమును నిలిపిరి. జ్ఞాపకశక్తి క్షీణించు వ్యాధి ఆయనకు సోకినట్లు బయటపడినదియు నా సంవత్సరముననే. ఊరు ఆయనను మరువరాదని యెంచిన వేళ, ఆయనయే మరువ మొదలిడెను. 2025 జూన్ 10వ తేదీన, తొంబదియేండ్ల వయసున, చార్లెసు రాజు ఆయనకు ‘సర్’ బిరుదు నొసగెను. లీగ్ పుట్టిన నూటముప్పది యేండ్లలో ఈ గౌరవ మందిన మొదటి ఆటకాడు ఆయనయే.

బాలురారా, ఆ బిరుదు గొప్పదే. కాని యెంతో ఆలస్యముగ వచ్చినది. కార్డిఫ్ వారు పోగొట్టుకొన్న ట్రైలను ఏ బిరుదును తిరిగి తేలేదు. రేపు సాయంకాలము మన మైదానమున జట్లు కోరుకొనునపుడు, పిలుపు రాక అంచున నిలిచినవా డెవడో, ఎందుచేత నిలిచెనో ఒక్క నిమిషము చూడుడు.