తాతా, మనవలూ, ఒక పాత మోపెడ్



నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్న పాత విద్యార్థిని. ఐ.టి.ఐ. పూర్తిచేసి, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. ప్రత్యేక సంచికకు ఏదైనా ఉపయోగపడే పాఠం రాయమన్నారు. వేసవి సెలవుల్లో మనవడు, మనవరాలితో కలిసి మా పాత టి.వి.ఎస్. 50ని బాగుచేసిన సంగతి రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మా అబ్బాయి చిన్నప్పుడు పానా పట్టుకుంటే "నీకు రాదు, ఇటివ్వు" అని లాక్కునేవాణ్ణి. పని త్వరగా అయ్యేది గాని, వాడికి పని రాలేదు. ఇప్పటికీ బండి ఆగితే షాపుదాకా నెట్టుకుపోతాడు. అందుకే మనవల దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను: నోరు నాది, చేతులు వాళ్లవి.

మోపెడే ఎందుకు?

మన దేశంలో లూనా 1972లో, టి.వి.ఎస్. 50 1980లో వచ్చాయి. వీటివి చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్లు. క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒకసారి శక్తి పుడుతుంది. ఫోర్-స్ట్రోక్‌లో అందుకు రెండు చుట్లు కావాలి. భాగాలు తక్కువ కాబట్టి పిల్లలకు త్వరగా అర్థమవుతుంది.

లోపం వెతికే పద్ధతి

ఇంజను స్టార్టు కావాలంటే మూడు కావాలి.
1. గాలి, పెట్రోలు తగుపాళ్లలో కలవడం
2. సమయానికి నిప్పురవ్వ
3. సిలిండరులో తగినంత ఒత్తిడి

ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. అన్నీ ఒకేసారి విప్పితే లోపం దొరకదు. విప్పిన నట్లను వరుసగా పళ్లెంలో పెట్టి, బొమ్మ గీసుకోవాలి.

మొదట ప్లగ్గు తీయించాను. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను బాగా మండుతున్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలో, ఆయిలో ఎక్కువైనట్టు. తెల్లబడితే వేడెక్కుతున్నట్టు. మాది నల్లగా ఉంది. శుభ్రం చేసి, పెట్రోలు దూరంగా పెట్టి, ప్లగ్గును ఇంజనుకు ఆనించి పెడల్ తిప్పితే నీలిరంగు రవ్వ వచ్చింది. అయినా బండి స్టార్టు కాలేదు.

రెండో రోజుకే మనవడు విసిగిపోయాడు. నా చేయి పానా మీదికి పోయింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మనవరాలు మళ్లీ ప్లగ్గు తీసి చూసి, "ఇన్నిసార్లు తొక్కినా ఇది తడవలేదు తాతా! పెట్రోలు రావడం లేదేమో" అంది. అదీ అసలు చదువు!

కార్బొరేటర్ విప్పితే జెట్టు మూసుకుపోయి ఉంది. మనవడు సూది తెచ్చాడు. "సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత తప్పుతుంది" అని చెప్పి, పెట్రోలుతో కడిగి సైకిలు పంపుతో గాలి కొట్టించాను.

లెక్కలూ ఇందులోనే

50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలంటే లీటరుకు 20 మి.లీ. మరి 3 లీటర్లకు? నిష్పత్తి లెక్కలంటే భయపడే మనవడు వెంటనే "60" అన్నాడు.

జాగ్రత్తలు

పెట్రోలు దగ్గర దీపం, అగ్గిపుల్ల ఉండరాదు. గాలి ఆడే చోటే పని చేయాలి. తిరిగే చైను దగ్గర వేలు పెట్టరాదు. బాగుచేయడం వచ్చింది కదా అని రోడ్డెక్కరాదు. చట్టప్రకారం 50 సి.సి. లోపు బండికైనా 16 ఏళ్లు నిండి, లైసెన్సు ఉండాలి.

నాలుగో రోజు బండి స్టార్టయింది. వరండాలో నిలబడి చూస్తున్న మా అబ్బాయి దగ్గరికొచ్చి, "ఆ ప్లగ్గు ఎలా తీశారో నాకూ చూపించండి" అన్నాడు. మనవరాలు పానా వాడి చేతికే ఇచ్చి, పక్కన నిలబడి చెప్పింది. ఒక్కసారి కూడా లాక్కోలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ తాతనో, నాన్ననో వాళ్ల చేతిపని నేర్పమని అడగండి. మగ్గమైనా, కొలిమైనా, చెప్పుల పనైనా, మోటారైనా సరే. పుస్తకంలో చదివింది ఆ చేతుల్లో కనబడుతుంది. రేపు మీరు నేర్పే రోజు వచ్చినప్పుడు మాత్రం పానా లాక్కోకండి.