గల్లాపెట్టె కింది కాగితం



మీ కాలేజీ పాఠాల సైటుకు వీడియో అప్‌లోడ్ సౌకర్యం పూర్తయిందని రాశావు. "ఎంపీ4, ఏవీఐ తప్ప ఇంకేదీ రానివ్వను పెదనాన్నా, ఇక భయం లేదు" అన్నావు. నాకు భయం మొదలైంది అక్కడే.

వీడియోలను మార్చడానికి నువ్వు వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 2016 నాటికి ఫైలు పేరు నమ్మేది కాదు, లోపలి అక్షరాలు చూసి తేల్చుకునేది. ఏవీఐ అని పేరు పెట్టిన ఫైలు లోపల హెచ్ఎల్ఎస్ ప్లేలిస్టు ఉంటే ప్లేలిస్టుగానే చదివేది. ప్లేలిస్టంటే బొమ్మ కాదమ్మా, చీటీ. ఫలానా ముక్కలు ఫలానా చోట ఉన్నాయి, తెచ్చి వరసగా పేర్చు అని. కిరాణా కొట్టు కుర్రాడి చేతికిచ్చిన చీటీలో కిలో కందిపప్పు తర్వాత "గల్లాపెట్టె కింది కాగితం" అని ఉందనుకో. వాడు కొట్లో మనిషే, అడ్డుకునేదెవరు?

ఆ ఏడాది బయటపడిన లోపం సీవీఈ-2016-1897 పనితనం చూస్తే, దొంగపనే అయినా, ముచ్చటేస్తుంది. చీటీలో మొదట దొంగ సర్వరులోని చిన్న ఫైలు. అందులో చివరి పంక్తి సగం రాసి వదిలేసిన వెబ్ చిరునామా. దాని వెనకే మన సర్వరులోని ఫైలును అతికించమని ఆదేశం. మన ఫైలు మొదటి పంక్తి ఆ చిరునామా తోకకు అతుక్కుంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వీడియో ముక్క కోసం అమాయకంగా ఆ చిరునామాకు వెళ్లి అడుగుతుంది. అక్కడ వీడియో లేదు. కానీ అడిగిన మాట దొంగ లాగ్‌లో పడింది, చాలు. మొదటి పంక్తే కదా అనుకోకు. 1898 నంబరు తోబుట్టువు ఏ పంక్తినైనా తెచ్చేది.

2017లో సీవీఈ-2017-9993 వచ్చింది. ఆ దారిలో దొంగకు సొంత సర్వరు కూడా అక్కర్లేదు. మన ఫైల్లోని అక్షరాలు వీడియో ఫ్రేముల మీదే అచ్చయ్యేవి. అప్‌లోడ్ చేసి, మార్పిడి అయ్యేదాకా ఆగి, ప్లే నొక్కి చదువుకోవడమే! 3.3.2 వెర్షన్‌లో దాన్ని మూసేశారు.

లినక్సులో పాస్‌వర్డు ఫైలని పేరున్న దాంట్లో ఈరోజుల్లో పాస్‌వర్డులుండవని నీకూ తెలుసు. మరి అదే దారిలో నీ డేటాబేస్ పాస్‌వర్డున్న కాన్ఫిగ్ ఫైలు వస్తే?

"ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో పరీక్షిస్తా" అనకు, అదీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీతోనే చదువుతుంది. నెట్ తీసేసినా 2017 నాటి లాంటి దారి మూసుకోదు. అందుకే మార్పిడిని వేరే కంటైనర్‌లో పెట్టు. అక్కడ నెట్ ఉండకూడదు, రహస్యమున్న కాగితం ఒక్కటీ ఉండకూడదు. ప్రోటోకాల్ వైట్‌లిస్టు బిగించు, ఫార్మాట్ ఏదో నువ్వే చెప్పు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను ఊహించనివ్వకు. వెర్షన్ తాజాగా ఉంచుకోవడం ఎలాగూ తప్పదు.

ఇంతకీ ఆ మార్పిడి ఏ యూజరు పేరు మీద నడుస్తోందో రాయలేదు నువ్వు. రూట్ అయితే జవాబు తర్వాత రాద్దువుగాని, ముందు లేచి వెళ్లి మార్చు.

మీ పెదనాన్న