ఘాజీ నేర్పినవి

1. శత్రువు బలంతో పాటు వయసూ చూడాలి.

ఘాజీ అంటే మా విశాఖలో ఇప్పటికీ ఒక భూతం పేరే. అమెరికా నౌకాదళంలో 1945లో 'డయాబ్లో'గా చేరి, 1964లో పాకిస్తాన్ చేతికొచ్చిన సబ్‌మెరైన్ అది. 1971 భారత్-పాక్ యుద్ధానికి ముందు, నవంబరు 14న కరాచీలో బయల్దేరేనాటికే పాతబడింది. అయినా శ్రీలంక చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలిగింది వాళ్ల దగ్గర అదొక్కటే. ముసలెద్దునే కాడికి కట్టారు.

2. వినాలనుకున్న మాటే వినిపిస్తే అనుమానించు.

ఘాజీ వెతుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను. అది అండమాన్ల వైపు దాగి ఉంటే, ఇక్కడే ఉందన్నట్టు మన నౌకాదళ వైస్ అడ్మిరల్ కృష్ణన్ నాటకం నడిపారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ తానే విక్రాంత్ అయినట్టు వైర్‌లెస్‌లో మాట్లాడింది. తల్లి జబ్బు గురించి ఒక నావికుడు అడిగినట్టు మామూలు టెలిగ్రామ్ కూడా పంపించారట. అబద్ధానికి ఆ చిన్న టెలిగ్రామే ప్రాణం పోసిందని నా నమ్మకం.

3. బ్యాటరీ దగ్గర భయమే క్రమశిక్షణ.

నా ఉద్యోగమంతా సబ్‌మెరైన్ బ్యాటరీలతోనే. డెక్కు కింద బోర్లా పాకుతూ ఒక్కో సెల్లు మూత తీసి హైడ్రోమీటరు ముంచాలి. మోచేతుల మీద ఆసిడ్ మచ్చలు ఇంకా ఉన్నాయి. చార్జింగ్‌లో హైడ్రోజన్ ఊరుతుంది. గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. ఒకసారి ఓ కుర్రాడు మీటరు చూడకుండానే లాగ్ నింపేశాడు. అందరి ముందూ తిట్టాను. ఆ తర్వాత లాగ్ సరిగ్గానే రాశాడు గాని, అనుమానం వచ్చినా నా దగ్గరికి రావడం మానేశాడు. ఏది ఎక్కువ ప్రమాదమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

4. గెలిచినవాడి కథను కూడా నిదానంగా విను.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు; ఘాజీ, అందులోని 90 మందికి పైగా మనుషులు మా తీరానికి దగ్గర్లోనే మునిగిపోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం మాట. సొంత మైన్లో, లోపలి ప్రమాదమో అని పాకిస్తాన్ వాదన. బ్యాటరీ హైడ్రోజన్ అన్నవాళ్లూ ఉన్నారు. నేను చేసిన పనిని బట్టి దాన్ని కొట్టిపారేయలేను.

బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన సబ్‌మెరైన్ కురుసుర చూపించినప్పుడు, 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసిన మనవడు "మనమే కొట్టాం కదా తాతా?" అంటాడు. మూడు వాదనలూ చెబుతాను. వాడికి మొదటిదే నచ్చుతుంది.