చద్దివేళ వార్తలు: చూచుట, తూచుట

ఉదయము ఏడు గంటలవేళ చంద్రపురము, బల్లార్‌పూరు ప్రాంతములలోని తెలుగువారి యిండ్లలో టెలివిజను మ్రోగుచుండును. బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి చాయ త్రాగుచు దానిని చూచును. తల్లి వంటయింటి నుండియే చెవియొగ్గి వినును. బడికి బయలుదేరు పిల్లలు సంచి సర్దుకొనుచు తలయెత్తి యొక చూపు చూతురు. ఒక యింట హైదరాబాదు తెలుగు వార్తలు. ప్రక్క యింట ముంబయి మరాఠీ వార్తలు. అంతలో ఒకరు "ఆ వేదిక యెంత అందముగా నున్నది!" అందురు. మరియొకరు "అన్నియు అరుపులే, వార్త యొక్కటియు లేదు" అందురు. ఈ రెండును అభిప్రాయములే. కాని అభిప్రాయము చెప్పుట వేరు. కారణము చూపి చెప్పుట వేరు. ఆ భేదమును నేర్చుకొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. ఉదయ ప్రసారములు పుట్టిన విధము

ఉదయపు వార్తా కార్యక్రమమునకు ఒక చిక్కు కలదు. సాయంకాలమున జనులు కూర్చుండి చూతురు. ఉదయమున పనులు చేసికొనుచు చూతురు. కావున వారి చూపును నిలుపుటకు నిర్వాహకులు మొదటినుండియు వింత యుపాయములు వెదకిరి.

అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1952 జనవరి 14న 'టుడే' అను ఉదయ కార్యక్రమమును ఆరంభించెను. దాని స్టూడియో న్యూయార్కు నగరమున వీధి ప్రక్కనే యుండెను. పెద్ద గాజు కిటికీ వెలుపల నిలిచిన జనులు లోనికి తొంగిచూచుచుండిరి. వారే మరల తెరపై కనబడుచుండిరి. మరుసటి యేట జే. ఫ్రెడ్ మగ్స్ అను చింపాంజీని తెచ్చి, వ్యాఖ్యాతయగు డేవ్ గారవే ప్రక్కన కూర్చుండబెట్టిరి. దానితో చూపరులు పెరిగిరి.

బ్రిటనులో బి.బి.సి. 1983 జనవరి 17న ఉదయ ప్రసారమును మొదలుపెట్టెను. వార్తలనగానే బల్ల, కోటు, టై అని తలచు కాలమది. ఆ కార్యక్రమమున వ్యాఖ్యాతలు ఇంటి ముందుగదిలో వలె సోఫాలపై కూర్చుండిరి. ఉన్ని స్వెట్టరు ధరించి మాటలాడిరి. రెండు వారములకే, ఫిబ్రవరి 1న, టీవీ-ఏయం అను మరియొక సంస్థ పోటీకి వచ్చెను. వార్తలను లోతుగా వివరించుటయే తమ ధ్యేయమని ఆ సంస్థ చాటెను. కాని చూపరులు ఆశించినంత మంది రాలేదు. కొలది వారములకే దాని ముఖ్యాధికారి వైదొలగవలసి వచ్చెను. పిమ్మట రోలండ్ ర్యాట్ అను ఎలుకబొమ్మను తెరపైకి తెచ్చిరి. పిల్లలు దానికొఱకు ఎదురుచూచిరి. చూపరుల సంఖ్య పెరిగెను.

కథ ఇంతటితో ముగిసినచో అలంకారమే గెలిచినదని మనము తలంతుము. కాని 1984 అక్టోబరు 12 తెల్లవారుజామున బ్రైటన్ నగరమున, ప్రధానమంత్రి మార్గరెట్ థాచరు బసచేసిన హోటలులో బాంబు ప్రేలెను. ఆ యుదయము దేశమంతయు వార్తకొఱకు తెరవంక చూచెను. టీవీ-ఏయం అచటి దృశ్యములను సకాలమున చూపజాలక, టెలిఫోనుపై వచ్చిన మాటలతో నెట్టుకొని వచ్చెను. తీవ్రమైన విమర్శ కలిగెను. వార్తా విభాగమును బలపరచవలెనని నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించెను. సోఫాయు, ఎలుకబొమ్మయు చూపరులను రప్పింపగలవు. కాని అవసరమైన దినమున వారికి కావలసినది వార్తయే యని ఆ యుదయము తేల్చెను.

2. మన దేశమున, మన భాషలో

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఒక అమెరికా ఉపగ్రహము సాయమున, మన దేశములోని ఆరు రాష్ట్రములకు చెందిన 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు అందెను. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. వానికి తెలుగులో ప్రసారమయ్యెను. ఉదయపు భాగము బడిపిల్లలకొఱకే ఉద్దేశింపబడెను. ఇందు మనము గమనింపవలసిన విషయము వేఱొకటి కలదు. ప్రసారము చేసి ఊరకుండక, చూచినవారేమనుచున్నారో తెలిసికొనుటకు పరిశోధకులు గ్రామములలోనే నివసించిరి. చదువురాని రైతు అభిప్రాయమును సైతము వ్రాసికొనిరి. చూపరి మాటకు విలువ కలదని మన దేశము ఆనాడే గుర్తించెను.

హైదరాబాదు దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు 1983 నవంబరు 14న తొలిసారిగా తెలుగు వార్తలు చదివిరి. అక్షరములను తెరపై చూపు యంత్రము ఆ కాలమున వారికి లేదు. దాదాపు పదేండ్లు వార్తాపాఠమును ముందుగా కంఠస్థము చేసి, చూపరుల కన్నులలోనికి చూచుచు చెప్పుచుండిరి. వెనుక సాదా తెర, ముందు ఒక బల్ల, అంతియే వేదిక. 2024 ఏప్రిలులో వారు కన్నుమూసినపుడు జనులు తలచుకొన్నది ఆ స్పష్టమైన ఉచ్చారణమునే కాని ఆ బల్లను కాదు.

1987 ఫిబ్రవరిలో దూరదర్శన్ దేశమంతటికి ఉదయ ప్రసారములను ఆరంభించెను. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన పిదప తెలుగు ప్రసార సంస్థలు పెక్కయ్యెను. ఈటీవీవారి 'అన్నదాత' ఉదయపు వేళనే రైతుకు పంటల సంగతులు చెప్పుచు పేరు గాంచెను. అది గాజుమేడలో గాక, పొలము గట్టున జరుగును. విషయమునకు తగిన చోటే నిజమైన వేదిక యనుటకు ఇది యొక నిదర్శనము.

3. వేదికను తూచు విధము

వేదిక వ్యర్థమని యెవ్వరును అనరాదు. దానికి దాని పని కలదు. ఈ ప్రశ్నలు వేసికొనుడు.

మొదటిది: వేదికపై నున్న వస్తువు వార్తను తెలుపుచున్నదా, కప్పుచున్నదా? పెద్ద తెరపై నదుల పటము చూపినచో అది వార్తను తెలుపును. ఎఱ్ఱని మంటలు తిరుగుచుండ, నాలుగు గళ్లలో నలుగురు ఒక్కసారిగా అరచినచో అది వార్తను కప్పును.

రెండవది: అక్షరములు చదువుటకు అనువుగా నున్నవా? అడుగున పరుగెత్తు పంక్తిని మన యవ్వ చదువగలదా? అక్షరదోషములతో వచ్చిన తెలుగు, నేర్చుకొను బిడ్డకు హాని చేయును.

మూడవది: భాష యెట్లున్నది? మన యిండ్లలో పలుకు తెలుగు ఆదిలాబాదు, కరీంనగరు వైపు తెలుగు. చిరకాలము వార్తలలో ఆ పలుకుబడి వినబడలేదు. వీ6 వారి 'తీన్మార్', ఉదయపు కార్యక్రమము కాకున్నను, తెలంగాణ పలుకుబడితో వార్తలు చెప్పి జనాదరము పొందెను. అట్టి భాష కొందఱికి ఇష్టము; గ్రంథభాషయే తగునని కొందఱి మతము. ఎట్లయినను అర్థము స్పష్టముగా నుండవలెను.

4. వార్తను తూచు విధము: మన జిల్లా యెచ్చట?

ఇచటనే మన ప్రాంతమువారికి విశేషమైన చిక్కు కలదు. హైదరాబాదు వార్తలలో వాతావరణ పటము తెలంగాణ సరిహద్దుతో ఆగుట సహజము. ముంబయి వార్తలు విదర్భ సంగతులు చెప్పినను, ఆ మరాఠీ మన యిండ్లలో అందఱికిని తెలియదు. భాష తెలిసిన వార్తలో మన ఊరు లేదు. ఊరున్న వార్తలో మన భాష లేదు. ఇది చిన్న సంగతి కాదు.

వర్షాకాలపు ఒక యుదయమును ఊహింపుడు. కొమరంభీము ఆసిఫాబాదు జిల్లాలో బడులకు సెలవని తెలుగు వార్తలలో వచ్చినది. అది మన ప్రక్క జిల్లాయే. బాలుడు సంచి మూలన పడవైచును. కాని ఆ సెలవు మన బడికి వర్తింపదు. మన జిల్లాకు సెలవు ప్రకటింపవలసినది చంద్రపుర జిల్లాధికారి. ఇంకొక దినమున మన జిల్లాకు ఎఱుపు హెచ్చరిక యుండవచ్చును. తెలుగు వార్తలు మాత్రమే చూచు తల్లి బిడ్డను వాగు దాటించి బడికి పంపవచ్చును. సెలవు పొరపాటు ఒక దినపు చదువును పోగొట్టును. హెచ్చరిక వినకున్న ప్రాణమునకే ముప్పు.

వాతావరణ శాఖవారు విదర్భకు నాగపురము నుండియు, తెలంగాణమునకు హైదరాబాదు నుండియు సూచనలు వెలువరింతురు. ఆకుపచ్చ రంగు భయము లేదనియు, పసుపు గమనించుచుండుడనియు, నారింజ సిద్ధముగా నుండుడనియు, ఎఱుపు వెంటనే జాగ్రత్త పడుడనియు తెలుపును. చంద్రపురమువారు చూడవలసినది నాగపురపు సూచన. ఎండకాలమునందును ఇదియే నియమము. 2019 మే నెలలో మన పట్టణమున వేడి 47 డిగ్రీలు దాటెను గదా!

అట్లని తెలుగు వార్త మనకక్కఱలేదని కాదు. పెన్‌గంగ వార్ధాలో కలియును. వార్ధా, వైనగంగలు కూడి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరము కడ గోదావరిలో కలియును. 2022 జూలై 16న భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగుల యెత్తున ప్రవహించెను. ఆ వెల్లువలో ప్రాణహిత తెచ్చిన మన నదుల నీరును కలదు. పైనున్న మన వాన క్రిందనున్న మన బంధువులకు వరద. కావున మంచి వార్త నీరు ఎంత యెత్తు వచ్చినదో చెప్పి యూరకుండక, ఎచటినుండి వచ్చినదో కూడ చెప్పును. సరిహద్దు కడ ఆగిన వార్త సగము వార్తయే.

5. అభిప్రాయము వ్రాయు పద్ధతి

"కార్యక్రమము బాగులేదు" అని వ్రాసినచో చదువువారికి ప్రయోజనము లేదు. ఈ క్రింది మాదిరి చూడుడు.

"అయ్యా, నేను చంద్రపుర జిల్లాలో తెలుగు మాధ్యమమున చదువు విద్యార్థిని. మీ ఉదయపు వార్తలను వారము దినములు చూచితిని. మీ నదుల పటము చక్కగా నున్నది; ఉచ్చారణము స్పష్టము. కాని పటమున ప్రాణహిత పైభాగము చూపబడలేదు. వార్ధా, వైనగంగల నీటిమట్టమును రెండు వాక్యములలో చెప్పినచో ఇచటి తెలుగువారికిని, దిగువవారికిని మేలగును. అడుగున పరుగెత్తు పంక్తి వేగము తగ్గింప ప్రార్థన."

ఇందు నాలుగు గుణములు కలవు: చూచిన కాలము చెప్పబడినది; మంచి మొదట మెచ్చుకొనబడినది; లోపము గుర్తుతో చూపబడినది; సవరణ మార్గము సూచింపబడినది. నింద లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఉదయమున పది నిమిషములు తెలుగు వార్తలు, పది నిమిషములు మరాఠీ వార్తలు పిల్లలతో కలిసి చూడుడు. మరాఠీలో వచ్చిన హెచ్చరికను పిల్లలచేత తెలుగులో చెప్పించుకొనుడు. రెండు భాషలు తెలిసిన బిడ్డ ఇంటికి వార్తాహరుడగును. అది యల్పసంఖ్యాక భాషవారికి లోటు కాదు, బలము.

అభ్యాసము

1. టీవీ-ఏయం కథ వలన వేదికను గూర్చియు, వార్తను గూర్చియు మీరేమి గ్రహించితిరి?

2. ఒకే దినపు తెలుగు, మరాఠీ ఉదయ వార్తలు చూచి, రెంటిలో నున్నవి, ఒకదానిలోనే యున్నవి వేఱువేఱుగా వ్రాయుడు.

3. పెన్‌గంగ మొదలు భద్రాచలము వరకు నీరు పోవు దారిని పటము గీచి చూపుడు.

4. వాతావరణ హెచ్చరికల నాలుగు రంగుల అర్థమును ఇంటిలో పెద్దలకు వివరింపుడు.

5. మీరు చూచిన యొక కార్యక్రమమును గూర్చి, పై నాలుగు గుణములు కలుగునట్లు పది పంక్తుల లేఖ వ్రాయుడు.