విరిగిన చేయి, కాలు కదలకుండా కట్టడం ఎలా?

మోటారు సైకిలు జారినప్పుడు, చెట్టు మీద నుండో డాబా మీద నుండో పడినప్పుడు, స్నానాల గదిలో కాలు జారినప్పుడు చేయి గాని కాలు గాని విరగడం మనం తరచుగా చూస్తుంటాం. అటువంటి సమయంలో చుట్టూ చేరినవారు మంచి మనసుతోనే తలా ఒక పని చేస్తారు. ఒకరు నూనె రాసి మర్దన చేస్తారు. ఒకరు వంకరపోయిన చేతిని లాగి సరిచేయబోతారు. మరొకరు చంకల కింద చేతులు వేసి లేపి ఆటోలో కూర్చోబెడతారు. పడినప్పుడు జరిగిన గాయానికి ఈ కదలికలు కొత్త గాయాలను జోడిస్తాయి.

విరిగిన ఎముక కొన పదునుగా ఉంటుంది. కదిలిన ప్రతిసారీ అది పక్కనున్న కండరాన్ని, రక్తనాళాన్ని, నరాన్ని కోయవచ్చు. చర్మాన్ని చీల్చుకొని బయటకు వస్తే ఎముకకు చీము పట్టే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రథమ చికిత్స చేసేవారి పని ఎముకను అతకడం కాదు, సరిచేయడమూ కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే.

విరిగిందో లేదో తెలియకపోతే?

వాపు, తీవ్రమైన నొప్పి, వంకర, బరువు మోపలేకపోవడం – ఇవి ఎముక విరిగినప్పటి లక్షణాలు. “వేళ్లు కదులుతున్నాయి కదా, విరగలేదు” అనుకోవడం పొరపాటు. విరిగినా వేళ్లు కదలవచ్చు. బెణుకో విరుపో ఎక్స్‌రేలోనే తేలుతుంది. అనుమానం ఉంటే విరిగినట్టే భావించండి.

వంగే బద్ద అంటే ఏమిటి?

విరిగిన అవయవానికి ఆసరాగా కట్టే బద్దను స్ప్లింట్ అంటారు. పూర్వం ఇవి గట్టి చెక్కతో ఉండేవి. ఇప్పుడు అంబులెన్సులలో వంగే స్ప్లింట్లు కూడా వాడుతున్నారు. వీటిలో బాగా తెలిసినది శామ్ స్ప్లింట్. అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు శామ్ షైన్‌బర్గ్ దీనిని 1980లలో రూపొందించారు. పలుచని అల్యూమినియం రేకుకు రెండు వైపులా మెత్తని స్పాంజి అతికించి ఉంటుంది. మామూలు సైజు పొడవు 36 అంగుళాలు, వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. చాపలా చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. కత్తెరతో కత్తిరించవచ్చు. కట్టు విప్పకుండానే ఎక్స్‌రే తీయవచ్చు.

చేతితో వంచితే వంగిపోయేది ఎముకను ఎలా ఆపుతుంది? మేస్త్రీ దగ్గర ఉండే ఇనుప టేపును గమనించండి. దాని పట్టీ కొంచెం గుంటగా వంగి ఉంటుంది కనుకనే చాలా దూరం బయటకు లాగినా వాలకుండా నిలబడుతుంది. చదునుగా ఉంటే వెంటనే వాలిపోతుంది. ఈ బద్ద కూడా అంతే. పొడవునా మధ్యలో నొక్కి దోనెలా వంచితే గట్టిపడుతుంది. చదునుగా కడితే ప్రయోజనం లేదు.

కట్టు కట్టే పద్ధతి

1. ముందు 108కి ఫోన్ చేయండి లేదా చేయించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి ఆపండి. ఎముక బయటకు కనిపిస్తుంటే లోపలికి నెట్టవద్దు, దానిపై నొక్కవద్దు, పసుపు, కాఫీపొడి వంటివి చల్లవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పండి.

2. మెడ, వెన్ను దెబ్బతిన్న అనుమానం ఉంటే మనిషిని కదపవద్దు. అంబులెన్సు త్వరగా వస్తుందంటే చేతులతో ఆసరా ఇచ్చి ఉంచితే చాలు.

3. ఉంగరాలు, గాజులు, వాచీ, మెట్టెలు వెంటనే తీయండి. వాపు పెరిగాక అవి రావు.

4. కట్టడానికి ముందు గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లకు స్పర్శ తెలుస్తున్నదా, కదులుతున్నాయా అడగండి. చేయి గాని కాలు గాని నీలంగా లేదా బాగా పాలిపోయి ఉంటే అది అత్యవసరం. ఆ సంగతి 108 వారికి చెప్పండి.

5. బద్దను దెబ్బ తగలని చేతికి లేదా కాలికి పెట్టి కొలత, ఆకారం సరిచేయండి. గాయపడిన వైపు అలా చేస్తే నొప్పి పెరుగుతుంది.

6. విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా ఉండాలి. ముంజేయి విరిగితే బద్దను మధ్యకు మడిచి, ఆ మడతను మోచేతి కింద పెట్టి, రెండు కొనలూ అరచేతి వైపు, చేతి వెనుక వైపు వచ్చేలా పట్టకారులా అమర్చండి. తరువాత జోలె కట్టి మెడకు తగిలించండి. చీలమండకైతే మడమ కింద నుండి రెండు పక్కలకూ పైకి తీసుకురండి.

7. ఏ భంగిమలో ఉన్నదో ఆ భంగిమలోనే, ఖాళీల్లో మెత్తని గుడ్డ పెట్టి కట్టండి. ముడి సరిగ్గా విరిగిన చోట వేయవద్దు. వేళ్ల కొనలు కనిపించాలి.

8. కట్టిన తరువాత మళ్లీ గోరు నొక్కి చూడండి. ఆసుపత్రికి చేరేవరకు పది, పదిహేను నిమిషాలకోసారి చూస్తూ ఉండండి.

బిగుతు కట్టు ప్రమాదం

వాపు గంటగంటకూ పెరుగుతుంది. ఇప్పుడు సరిపోయిన కట్టు కాసేపటికి ఉరిలా బిగుసుకోవచ్చు. వెదురు బద్దలతో బిగించిన నాటు కట్టులోనూ ఇదే ప్రమాదం. రక్తప్రసరణ ఆగిపోతే ఆరు గంటలలోపే కండరాలు, నరాలు శాశ్వతంగా పాడైపోవచ్చు. చివరకు చేయి గాని కాలు గాని తీసివేయవలసి రావచ్చు. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నీలంగా మారినా, కట్టిన తరువాత నొప్పి ఇంకా పెరిగినా కట్టును వెంటనే వదులు చేయండి. “కట్టు అన్నాక నొప్పి ఉంటుంది, ఓర్చుకో” అని పిల్లలకు చెప్పవద్దు.

తొడ ఎముక విరిగితే

ఈ చిన్న బద్ద తొడకు చాలదు. తొడ ఎముక విరిగితే బయటకు చుక్క రక్తం కనిపించకపోయినా లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. కాళ్ల మధ్య దుప్పటి మడత పెట్టి, దెబ్బ తగలని కాలిని గాయపడిన కాలి దగ్గరకు జరిపి, రెండూ కలిపి కట్టి పడుకోబెట్టి ఉంచండి. ఆటోలో కూర్చోబెట్టవద్దు.

బద్ద దొరకకపోతే?

అట్టపెట్టెను కత్తిరించి దోనెలా మడవండి. ముంజేతికి మందపాటి వార పత్రిక సరిపోతుంది. చీలమండ చుట్టూ తలదిండు చుట్టి తువ్వాలుతో కట్టవచ్చు. కట్టడానికి కండువా, చున్నీ పనికి వస్తాయి. సన్నని తాడు వాడవద్దు.

ఆపరేషను అవసరం కావచ్చు కనుక గాయపడినవారికి అన్నం, టీ, నీళ్లు ఇవ్వవద్దు.

ఈ ఆదివారం ఒక అట్టముక్క, రెండు తువ్వాళ్లు తీసుకొని ఇంట్లోవారి చేతికి కట్టి చూడండి. గోరు నొక్కి చూడడం పిల్లలకు కూడా నేర్పండి. అవసరం వచ్చిన రోజున మీ చేతులు తడబడవు.