తాళం చేతికొస్తే కారు మనదైనట్టేనా?

ప్రశ్న: మాది సంగారెడ్డి. ఉద్యోగం గచ్చిబౌలిలో. బస్సులు మారి మారి విసిగిపోయి పాత కారు కొనుక్కుందామనుకుంటున్నాను. రోజుకు రానూపోనూ 90 కిలోమీటర్ల ప్రయాణం. చేతిలో నాలుగు లక్షలున్నాయి. ఒక కార్ల కన్సల్టెన్సీ వాళ్లు ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 మోడల్ డీజిల్ కారు చూపించారు. మీటరు మీద 62 వేల కిలోమీటర్లుంది. ఇక్కడి బండ్లకంటే లక్ష తక్కువ. ఓనరు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇస్తాం, పేరు మార్పు తీరిగ్గా చేయించుకోండి అంటున్నారు. నా పాత బైకును మా బావమరిది స్నేహితుడికి ఇచ్చేస్తున్నాను. తెలిసినవాడే కాబట్టి కాగితాలకు తొందరేమీ లేదు. ఈ కారు తీసుకోవచ్చా? రేపు ఏదైనా తేడా వస్తే చట్టం నాకు అండగా ఉంటుందా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి ‘తీరిగ్గా’, రెండోది ‘తెలిసినవాడే’. పాత బండ్ల తగాదాలు చాలావరకు ఈ రెండు మాటల దగ్గరే మొదలవుతాయి. వాటి సంగతి చూసేముందు చిన్న లెక్క వేద్దాం.

రోజుకు 90 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 2,250 కిలోమీటర్లు. ఏడాదికి 27 వేలు. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకోండి. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారుకు నెలకు దాదాపు 13,400 రూపాయలవుతుంది. 14 మాత్రమే ఇచ్చే కారుకు 17,200. అంటే ఏడాదికి 46 వేల రూపాయల తేడా. రోజూ దూరం తిరిగేవాళ్లు కొనే ధరకంటే నడిపే ఖర్చును ముందు చూడాలి. ఊళ్లోనే తిరిగే మనిషికి డీజిల్ దండగ కావచ్చు గానీ, మీ దూరానికి అది తప్పుడు ఎంపికేమీ కాదు. కాకపోతే క్లచ్, ఇంజెక్టర్లు, టర్బో ఎలా ఉన్నాయో మీ సొంత మెకానిక్ చూడాలి. వాళ్లు పంపిన మెకానిక్ చూస్తే చాలదు.

ఈ 27 వేల కిలోమీటర్ల లెక్కకు చట్టంతోనూ సంబంధముంది. ఏడాదంతా హైవే మీదుండే మనిషికి ప్రమాదం, తనిఖీ, బీమా క్లెయిము ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఆరోజు మీ చేతిలో ఏ కాగితం ఉందన్నదే అసలు ప్రశ్న.

లక్ష తక్కువ ఎందుకు?

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆదేశాన్ని అమలు చేయమంది. అమలు తీరులో తర్వాత మార్పులు వచ్చాయి. ఏమైనా అక్కడ డీజిల్ బండికి వయసు మీదపడే కొద్దీ గిరాకీ పడిపోతుంది. ఆ బండ్లే మన దగ్గరికి చవగ్గా వస్తాయి. అలా తెచ్చి అమ్మడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు.

అయితే ఆ లక్ష రూపాయలు మీకు మిగులుతాయన్న నమ్మకం లేదు. వేరే రాష్ట్రపు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అందుకు ఢిల్లీ రవాణా అధికారి ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. బండి పాతదైతే ఆ పన్ను కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎంత పడుతుందో మీ జిల్లా రవాణా కార్యాలయంలో ముందే కనుక్కుని ధరకు కలపండి. అప్పటికీ చవకే అనిపిస్తే ముందుకు వెళ్లండి. ఎన్‌ఓసీ ‘తర్వాత తెప్పిస్తాం’ అంటే మాత్రం అది వచ్చేదాకా బయానా కూడా ఇవ్వకండి.

అడగనిదానికి చట్టం జవాబు చెప్పదు

పాత వస్తువు కొనేటప్పుడు చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదేనన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని మూల సూత్రం. దానికి మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకుని కళ్లు మూసుకోలేం. 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఇంతకంటే సూక్ష్మమైన మెలిక ఉంది. సెక్షన్ 17 ప్రకారం అమ్మేవాడు లోపాన్ని చెప్పకుండా ఊరుకున్నంత మాత్రాన సాధారణంగా అది మోసం కిందికి రాదు. చెప్పాల్సిన బాధ్యత ఉండి కూడా నోరు విప్పకపోతేనే ఆ మౌనం మోసమవుతుంది. అలాంటి మౌనమైనా సరే, మామూలు శ్రద్ధతో మీరే తెలుసుకోగలిగిన విషయమైతే దాన్ని చూపించి ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరని సెక్షన్ 19 అంటుంది.

కాబట్టి అవతలివాడి మౌనాన్ని మాటగా మార్చుకోవడం మీ పని. వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలు పంపండి. మీటరు ఎప్పుడైనా మార్చారా? పెద్ద ప్రమాదం జరిగిందా? బండి నీళ్లలో మునిగిందా? టాక్సీగా తిరిగిందా? ‘లేదు’ అన్న ఒక్క జవాబు చాలు. అది అబద్ధమని తేలితే ఇక చెప్పలేదన్న గొడవ ఉండదు, అబద్ధం చెప్పారన్న రుజువు ఉంటుంది. ఆ సందేశాలు చెరిపేయకండి, ఫోను మార్చినా భద్రపరచండి.

మామూలు శ్రద్ధ అంటే ఏమిటో కూడా చెబుతాను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, బీమా ఎప్పటిదాకా ఉందో చూడండి. చాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయో స్వయంగా చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ బండి రికార్డు అడిగితే ఏ తేదీన మీటరు ఎంతుందో బయటపడుతుంది. మూడేళ్ల కిందట 95 వేలున్న బండి ఇప్పుడు 62 వేలు చూపిస్తే ఇక మాట్లాడేదేముంది! మీటరు కొత్తగా చూపించినా బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల అసలు వయసు చెప్పేస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటిదేమోనని అనుమానం ఉంటే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, సీటు కింది పట్టాల మీద తుప్పు ఉందేమో తడిమి చూడండి. పైపైన కడిగిన బండిలో బురద చార మిగిలేది అక్కడే.

ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే ‘లోను తీరిపోయింది’ అన్న మాట చాలదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఉంటేనే ఆ పేరు తీసేస్తారు. డబ్బు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా తీసుకున్నవాడికే పడుతుంది గానీ, రుజువు పోయేది మీకు.

ఖాళీ ఫారాల సంగతి

ఇక ‘తీరిగ్గా’ దగ్గరికి వద్దాం. డబ్బిచ్చి తాళం తీసుకుంటే అమ్మినవాడికీ మీకూ మధ్య బేరం పూర్తయినట్టే. రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషికి ఆ బేరంతో పని లేదు. అతనికి సంబంధించినంతవరకు యజమాని అంటే రిజిస్టరులో పేరున్నవాడే. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అందులో కారు ఎప్పుడో అమ్ముడైపోయి, చేతులు మారుతూ వెళ్లింది. పేరు మాత్రం మారలేదు. ప్రమాదం జరిగితే, పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న మొదటి మనిషి మీదే పెట్టింది కోర్టు. బాధితుడు బండి చేతులు మారిన గొలుసును వెతుక్కుంటూ తిరగనక్కర్లేదని చెప్పింది.

‘అయితే ఇరుక్కునేది అమ్మినవాడే, నాకేంటి?’ అనుకోకండి. మీకూ నష్టం ఉంది. సెక్షన్ 157 ప్రకారం బండితోపాటు థర్డ్ పార్టీ బీమా కొన్నవాడికి బదిలీ అయినట్టే లెక్క. కానీ కారు నుజ్జయితే డబ్బిచ్చే సొంత నష్టపు బీమా అలా దానంతటదే రాదు. కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. పాత ఓనరు సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ అతనిదే కాబట్టి ఆ తేడా మీరు కట్టాలి. మరొకటి, యజమానే డ్రైవరైతే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా పేరున్న యజమానికే వర్తిస్తుంది. వేరేవాళ్ల పేరున్న కారులో మీరు రోజూ హైవే ఎక్కుతుంటే, మీకేదైనా జరిగితే మీ ఇంట్లోవాళ్లు ఆ 15 లక్షలు అడగలేకపోవచ్చు.

గడువులు గుర్తుంచుకోండి. అదే రాష్ట్రంలోని బండిని అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రపు బండైతే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్చమని కోరాలి. ఇందుకోసం ఉన్నవే ఫారం 29, ఫారం 30. వాటి మీద తేదీ, కొనేవాడి పేరు ఖాళీగా వదిలి సంతకం పెట్టించుకుంటే ఆ బండి ఎవరి చేతికైనా వెళ్లొచ్చు. మీ ఎదురుగా నింపించండి, ఆధార్ నకలు తీసుకోండి, మొత్తం డబ్బులో కొంత భాగం పేరు మారాకే ఇస్తానని రసీదులో రాయించండి.

కన్సల్టెన్సీని ఒక మాట అడగండి: ‘మీకు అధీకృత డీలరు ధ్రువపత్రం ఉందా?’ 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర ఈ ధ్రువపత్రం తీసుకోవాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఓనరు బండిని అలాంటి డీలరుకు అప్పగించినప్పుడు ఆ సంగతి రవాణా శాఖకు తెలపాలి. అప్పటినుంచి బండి బాధ్యత డీలరుదే. పేరు మార్పుకూ, ఎన్‌ఓసీకీ డీలరే దరఖాస్తు చేయవచ్చు. ఈ పద్ధతి పాటించేవాళ్లకు ఖాళీ ఫారాల అవసరమే ఉండదు.

తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి?

వ్యాపారి దగ్గర కొంటే మీరు వినియోగదారు. ఆఫీసుకు వెళ్లడానికి కొన్న కారు వాణిజ్య అవసరం కిందికి రాదు. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చెప్పవచ్చు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడు ఎక్కడున్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. మీటరు తిప్పిన బండిని తక్కువ తిరిగిందని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార విధానమని వాదించవచ్చు. దానికి పునాది మాత్రం ఆ వ్యాపార సంస్థ పేరు మీద బిల్లు. ‘మేం మధ్యవర్తులమే’ అని కమీషన్ తీసుకున్నవాళ్లు చేతులు దులుపుకోకుండా ఉండాలంటే కమీషన్‌కు కూడా రసీదు తీసుకోండి.

నేరుగా ఒక కుటుంబం దగ్గర కొంటే వినియోగదారుల కమిషన్ దారి ఉండదు. వాళ్లు వ్యాపారులు కారు కదా. నష్టపరిహారానికి సివిల్ కోర్టు, మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసు ఫిర్యాదు మాత్రమే మార్గాలు. రెండూ నెమ్మదిగా నడిచేవే. అక్కడ కూడా పై వాట్సాప్ జవాబులే మీ తరఫున మాట్లాడతాయి.

కొన్నాక రెండు జాగ్రత్తలు. పాత ఓనరు ఫాస్టాగ్‌ను మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి. దారిలో ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని నెలకు ఇంత అని బాడుగ వసూలు చేయకండి. తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పితే పర్మిట్ ఉల్లంఘన అవుతుంది, బీమా కంపెనీకి క్లెయిము తోసిపుచ్చే సాకు దొరుకుతుంది.

చివరగా ‘తెలిసినవాడే’ సంగతి. కారు విషయంలో మీరు కొనేవారు, బైకు విషయంలో అమ్మేవారు. సుప్రీంకోర్టు తీర్పులో పరిహారం పడింది అమ్మినవాడి నెత్తినే. మీ బావమరిది స్నేహితుడు మంచివాడే కావచ్చు. అతను ఆ బైకును ఇంకెవరికి ఇస్తాడో మీకు తెలియదు. దానికి బీమా గడువు తీరిపోయి, ఎక్కడో ఒక మనిషిని గుద్దితే సమన్లు వచ్చేది సంగారెడ్డిలోని మీ ఇంటికి. కారు బేరానికి వెళ్లేముందు బైకు ఫారం 29 నింపి రవాణా కార్యాలయంలో ఇచ్చేసి రండి. కారు అమ్మేవాళ్లు మీ విషయంలో ఎంత జాగ్రత్త పాటించాలో అప్పుడు మీకే అనుభవంలోకి వస్తుంది.